మహేంద్రగిరి మీంచి వచ్చిన దీపాల వరుస: పద్నాలుగు మంది సాక్షులతో ఒక కేస్ స్టడీ

నేను డాక్యుమెంటరీలకు రీసెర్చ్ చేస్తాను. కెమెరా కంటే ముందు ఊరికి వెళ్తాను. ఎవరితో మాట్లాడాలో చూసి, వాళ్ళు చెప్పినదాంట్లో ఏది నిలబడుతుందో తేల్చి డైరెక్టర్‌కి రాసిస్తాను. దానికి ముందు చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలోనే మండల విలేకరిని. మనుషుల చేత మాట్లాడించడం నాకు వచ్చు అనుకునేవాణ్ణి. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టింది ఆ ధీమాయే, అందుకే రాస్తున్నాను. ఊరి పేరు, సంవత్సరం తీసేశాను. ఇద్దరు ముగ్గురు సాక్షుల వివరాలు మార్చాను. ఆకాశానికి సంబంధించిన సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఉద్దానంలో సోంపేట వైపు తీరాన ఒక ఊరు. చుట్టూ కొబ్బరి, జీడి తోటలు. వాయవ్యాన మహేంద్రగిరి, తూర్పున సముద్రం. భోగికి రెండు రోజుల ముందు సాయంత్రం, చీకటి పడ్డాక, ఊళ్ళో చాలామంది ఆకాశంలో దీపాల వరుస చూశారు. ఒక కుర్రాడు ఫోన్లో తీసిన వీడియో తొమ్మిది సెకన్లు. అందులో చెయ్యి వణుకు, కుక్క అరుపు, నాలుగైదు తెల్ల చుక్కలు తప్ప ఏమీ లేవు. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో అది ‘ఉద్దానంలో ఎగిరే పళ్ళెం’ అయింది.

(ఆ ‘పళ్ళెం’ సంగతి కూడా తమాషానే. 1947 జూన్ 24న అమెరికాలో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ మౌంట్ రెయినియర్ దగ్గర తొమ్మిది వస్తువులు చూశానన్నాడు. నీళ్ళ మీదికి విసిరిన సాసర్ గెంతుకుంటూ పోయినట్టు అవి కదిలాయని పోలిక చెప్పాడు. పత్రికలు ఆ కదలికను వదిలేసి సాసర్‌ని పట్టుకున్నాయి. అప్పట్నుంచి జనానికి ఆకాశంలో సాసర్లే కనిపిస్తున్నాయి.)

దేశంలో ఇలాంటి సంఘటనల మీద సిరీస్ తీస్తున్న ఒక నిర్మాణ సంస్థ నన్ను పంపింది. నేను ఊళ్ళో దిగేసరికి పంతొమ్మిది రోజులు గడిచాయి. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు, అరుగులు, టీ కొట్లు, అన్నీ ఆ కథను అప్పటికే ఒక చుట్టు నమిలి ఉన్నాయి.

సమస్య

పద్నాలుగు మంది చూశామన్నారు. ఏ ఇద్దరి మాటా ఒకేలా లేదు.

పట్టాలెక్కి పోతున్న రైలు డబ్బాల్లా ఉందని అంగన్‌వాడీ టీచర్ అంది. మూడు మూలలున్న వస్తువని ఇంటర్ చదివే కుర్రాడు అన్నాడు. పరశురాముడు మహేంద్రగిరి దిగి సముద్రస్నానానికి వెళ్ళాడని ఒక ముసలమ్మ నమ్మకం. ఇద్దరు ఆడవాళ్ళు ‘గుయ్య్’మని మోత విన్నామన్నారు, మిగతావాళ్ళెవరూ వినలేదు. ఊరంతా మిలట్రీ బాబాయి అని పిలిచే మాజీ సైనికుడు అందరికంటే గట్టిగా చెప్పాడు. రెండు వందల అడుగుల పొడవున్న ఓడ, వరసగా కిటికీలు, లోపల వెలుగు. కొబ్బరిచెట్ల ఎత్తులో వచ్చింది. సముద్రం మీద పది నిమిషాలు నిలబడి ఎరుపు, ఆకుపచ్చ దీపాలు వెలిగిస్తూ అటూ ఇటూ ఊగింది. తర్వాత నీళ్ళలోకి దిగింది.

డైరెక్టర్ ఫోన్లోనే నిర్ణయం చెప్పేశాడు. “ఆర్మీ మనిషి, అబద్ధం ఆడడు. ఆయన్ని మెయిన్‌గా పెట్టుకుందాం, మిగతావాళ్ళు సపోర్టు.” నాకూ అప్పుడు అది సబబుగానే తోచింది. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు, ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కాకపోతే మేం వేసుకున్న ప్రశ్నే తప్పు. అబద్ధం ఆడని మనిషి చెప్పిందంతా జరిగినట్టు కాదు. ఎగిరే పళ్ళాల ఫిర్యాదుల మీద అమెరికా వైమానిక దళం నడిపిన బ్లూబుక్ ప్రాజెక్టుకు చాలాకాలం సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ పైలట్ల గురించి ఇలాంటి మాటే రాశాడు. ఇలాంటి విషయాల్లో వాళ్ళు మనం ఆశించినంత మంచి సాక్షులు కారని తేల్చాడు. నాకు తోచే కారణం ఒకటుంది. ఎదురుగా వస్తున్నదేదో క్షణంలో తేల్చుకుని తప్పించుకోవడమే వాళ్ళ శిక్షణ. తెలియని దీపం కనపడితే, అది దగ్గరగా ఉన్న వాహనమే అనుకోవడం వాళ్ళకు ప్రాణరక్షణ. సరిహద్దులో పనిచేసినవాడికీ అంతే.

నేను చెడగొట్టినవి

మొదటి రోజు చేతిలో ఒక పూటే ఉంది. అందర్నీ రామమందిరం అరుగు మీదికి పిలిచాను. నలుగురూ కలిస్తే ఒకరు మరిచింది ఇంకొకరు గుర్తుచేస్తారని నా లెక్క. విలేకరిగా ఇరవై సార్లు చేసిన పనే. రికార్డర్ పెట్టి నేనడిగిన మొదటి ప్రశ్న: “ఆ ఓడ ఎంత ఎత్తులో వచ్చింది?”

రాత్రి లాడ్జిలో రికార్డింగ్ వింటే తెలిసింది. అరుగు మీద ‘ఓడ’ అన్న మాట మొదట నా నోటి నుంచే వచ్చింది. అంతకుముందు కబుర్లలో అందరూ ‘లైట్లు’, ‘దీపాలు’ అనే అంటున్నారు. బాబాయి నాకు విడిగా చెప్పినప్పుడు వాడిన మాటను నేను మోసుకొచ్చి అందరి మధ్యా పెట్టాను. అరగంట తిరిగేసరికి టీచరమ్మ రైలు కూడా ఓడైంది.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదు, దీన్ని కొలిచి చూపించినవాళ్ళున్నారు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్ము చూపించారు. ‘గుద్దుకున్నప్పుడు’ వేగమెంత అని కొందరిని, ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంత అని మరికొందరిని అడిగారు. వారం తర్వాత పిలిచి పగిలిన గాజు చూశారా అన్నారు. ఫిల్ములో గాజు పగల్లేదు. మామూలు మాట విన్న 50 మందిలో 7గురు చూశామన్నారు, గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది. ఒక్క క్రియాపదం లేని గాజును పగలగొట్టింది.

అరుగు మీద జరిగిన రెండో నష్టానికి మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ 1935 నాటి ప్రయోగం సరిగ్గా సరిపోతుంది. చీకటి గదిలో కదలని చిన్న వెలుగును చూస్తూ ఉంటే అది కదులుతున్నట్టు అనిపిస్తుంది. పక్కన పోల్చుకోవడానికి ఏమీ ఉండదు కదా. ఎంత కదిలిందో విడివిడిగా అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. గుంపుగా కూర్చోబెట్టి పైకి చెప్పిస్తే లెక్కలు మెల్లగా ఒకదానికొకటి దగ్గరపడ్డాయి. మన అరుగు మీద ‘అందరూ ఒకే మాట చెప్పారు’ అని నేను నోట్సులో రాసుకుని మురిసిపోయింది దీన్నే. పద్నాలుగు సాక్ష్యాలున్న చోట నా చేతులతో నేనే ఒక్కటి మిగిల్చాను.

మరుసటి రోజు అడుగుల్లో కొలతలు అడిగాను. యాభై నుంచి ఐదు వందల దాకా జవాబులొచ్చాయి. దూరం తెలియనిదే సైజు ఎవరు మాత్రం చెప్పగలరు? చేయి చాపితే చిటికెన వేలు చందమామను మొత్తం కప్పేస్తుంది. అంతమాత్రాన చందమామ వేలంత ఉంటుందా? ఆకాశంలో మనిషి నిజంగా చూసేది కోణం ఒక్కటే. అడుగులు, గజాలు మనసు తర్వాత వేసుకునే లెక్క.

కుర్రాడి ‘మూడు మూలలు’ సంగతి త్వరగానే తేలింది. చూసిన రాత్రే యూట్యూబ్‌లో ఇలాంటివి గంటసేపు వెతికాడు, త్రికోణం అక్కడిది. వాడి మాట పక్కన పెట్టాను.

ఇంకో తప్పు ఒప్పుకోవాలి. మూడో రోజుకి అవి ఉపగ్రహాలేమోనన్న అనుమానం వచ్చి, టీచరమ్మతో అనేశాను. ఆమె ముఖం మారిపోయింది. “అంటే మాకు కళ్ళు లేవా సార్? శాటిలైట్ ఎలాగుంటాదో మాకు తెల్దా?” అంది. ఆ తర్వాత ప్రతి ప్రశ్నకూ “ఏమో సార్, గుర్తులేదు.” జవాబు ముందే చేతిలో పెట్టుకున్నవాడికి సాక్ష్యం చెప్పడం ఎవరికైనా అవమానమే.

వదిలేసిన దారి ఒకటి

మన తీరంలో ఆకాశాన వింత వెలుగు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది క్షిపణి పరీక్షను. ఒడిశాలోని అబ్దుల్ కలాం దీవి ఈ ఊరికి ఈశాన్యంగా నాలుగు వందల కిలోమీటర్ల లోపే ఉంటుంది. 2022 డిసెంబర్ 15 సాయంత్రం అక్కణ్ణుంచి అగ్ని-5 ని పరీక్షించినప్పుడు బెంగాల్, ఒడిశాల్లో జనం ఆకాశంలో వెలుగు చూసి కంగారుపడ్డారు. నేల మీద చీకటిపడినా పైన ఎండ తగిలే సమయం కాబట్టి క్షిపణి వదిలిన పొగ ధగధగలాడింది. మా కేసులో ఇది కుదరలేదు. పొగయితే విచ్చుకుంటుంది, ఒకే దిక్కున ఉంటుంది. ఇక్కడ ఎవరూ పొగ అనలేదు, విచ్చుకోవడం అనలేదు. అందరూ చెప్పింది వరుస, అది కూడా కొండ వైపు నుంచి సముద్రం వైపు. ఎంత గందరగోళం జరిగినా దిక్కు మాత్రం ఎవరి మాటలోనూ మారలేదు. నాకు అక్కడే కాస్త ఆశ పుట్టింది.

మళ్ళీ మొదట్నుంచి

డైరెక్టర్‌ని బతిమాలి నాలుగు రోజులు అదనంగా తీసుకున్నాను. ఈసారి ఒక్కొక్కరినీ విడిగా, ఆ సాయంత్రం వాళ్ళు నిలబడిన చోటికే, అదే వేళకు తీసుకెళ్ళాను. ముందు ఆకాశం ఊసే ఎత్తలేదు. ఆ టైముకి ఏం చేస్తున్నారు, పొయ్యి మీద ఏముంది, పక్కన ఎవరున్నారు అని అడిగాను. తర్వాత “మొదట్నుంచి చెప్పండి” అని నోరు మూసుకున్నాను. పోలీసు సాక్షుల కోసం 1980ల్లో రొనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గీసెల్మన్ తయారుచేసిన పద్ధతి దాదాపు ఇదే. చోటునూ పరిస్థితినీ మళ్ళీ మనసుకు తేవడం, అడ్డుపడకుండా వినడం. ఇందులో వినడమే కష్టం. నాలాంటివాడికి ఐదు సెకన్ల మౌనం భరించడం పెద్ద శిక్ష.

చెప్పడం అయ్యాక చేత్తో చూపించమన్నాను. ఎక్కడ మొదలైంది, నెత్తికి ఏ పక్కనుంచి వెళ్ళింది, ఎక్కడ అయిపోయింది. పదో తరగతి పిల్లాడి కంపాస్ బాక్సులోంచి కోణమానిని తీసుకుని, దారం కట్టి, రాయి వేలాడదీసి ఎత్తు కొలిచాను. దిక్కుకి ఫోన్లో కంపాస్. ఓడ, వస్తువు, లైట్లు అనే మాటల్లో వాళ్ళు వాడినదే వాడాను, నా మాట కలపలేదు.

ఈ విడతలోనే ఒక ముసలి జాలరి దొరికాడు. మొదటి జాబితాలో ఆయన లేడు. ఆ రోజు ఎవరో అడిగితే “ఏటుంది బాబూ సెప్పడానికి, దీపాలొచ్చినాయి, ఎలిపోనాయి” అన్నాడట. సినిమాకు పనికొచ్చే మాట కాదని నాకు పేరే చెప్పలేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటూ చూశాడాయన. నేను పక్కన కూర్చున్నాను.

“మహేంద్రగిరి మీంచి ఒకదాని యెనకాల ఒకటి వచ్చినాయి. సప్పుడు నేదు. నెత్తికి కాస్త ఎడంగా సముద్రం కేసి ఎల్లినాయి. గొల్లకావడి నేదా, దానికి కుడిసేతి పక్క రెండు జానలు. ఆ జాగాకొచ్చి ముందుది ఆరిపోనాది. యెనకాలదీ అక్కడికే వచ్చి ఆరిపోనాది. అన్నీ అంతే.” (గొల్లకావడి అంటే ఓరియన్ నడుము దగ్గర వరసగా ఉండే మూడు చుక్కలు.)

“సముద్రంలో దిగలేదా తాతా?”

“సముద్రం దాకా ఏటొచ్చినాయి? ఇంతెత్తులోనే ఆరిపోనాయి. ఇప్పుడు గొల్లకావడి పైకొచ్చీసింది గానీ, ఆ రోజు ఇంకా దిగువన ఉండీది.”

ఆ చివరి మాట విన్నాక నేను పెన్ను కింద పెట్టేశాను. నక్షత్రాలు రోజుకి 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. మూడు వారాల్లో అదే వేళకు గొల్లకావడి బాగా పైకి వచ్చేస్తుంది. ఆయన ఆ తేడా లెక్కలోకి తీసుకుని మరీ చెబుతున్నాడు. రాత్రి వేటలో చుక్కల్ని చూసి వేళ తెలుసుకున్న తరం అది. కంపాస్ బాక్స్ అక్కర్లేని సాక్షి.

“ఒకే జాగాలో ఆరిపోనాయి” అన్న మాట మిగతావన్నీ విప్పింది. సొంత దీపాలున్న వాహనం ఏదైనా ఆకాశంలో మూడో వంతు ఎత్తులో, ఒకే బిందువు దగ్గరికొచ్చి ఒక్కో దీపం ఎందుకు ఆర్పుకుంటుంది? సూర్యుడి వెలుగుతో మెరిసేదైతే మాత్రం ఆరిపోక తప్పదు. సాయంత్రం భూమి నీడ తూర్పు నుంచి పైకి లేస్తూ ఉంటుంది. మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఎండలో వచ్చేవి ఆ నీడ అంచు తాకగానే మాయమవుతాయి. ఒకే దారిలో వరసగా వస్తుంటే ఆరే చోటు కూడా ఒకటే.

స్పేస్‌ఎక్స్ 2019 మే నుంచి గుంపులుగా పంపుతున్న స్టార్‌లింక్ ఉపగ్రహాలు వదిలిన మొదటి రోజుల్లో ఇలాగే దగ్గర దగ్గరగా, ముత్యాల దండలా కనిపిస్తాయి. తర్వాత ఎత్తు పెరిగి, ఎడం పెరిగి చెదిరిపోతాయి. వాటి కక్ష్య వివరాలు ఎవరైనా చూడొచ్చు. ఆ వారం వదిలిన గుంపు లెక్క తీస్తే ఊరి మీద వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, ఆరూ నలభై ప్రాంతంలో దాటింది. ఏడు గంటల సీరియల్ ఇంకా మొదలవలేదన్న టీచరమ్మ మాట, తాత రెండు జానలు, రెండూ సరిపోయాయి.

మిలట్రీ బాబాయి చూసిందేమిటి

కేసు ఇక్కడితో మూసేస్తే బాబాయిని అబద్ధాలకోరుగా వదిలేసినట్టు. పది నిమిషాలు ఊగిన ఎరుపు, ఆకుపచ్చ వెలుగు ఏమిటి మరి? ఉపగ్రహాలు పది నిమిషాలు నిలబడవు.

మేడ మీద ఆయన్ని చూపించమన్నాను. చేయి తూర్పుకి కాస్త ఆగ్నేయంగా, సముద్రం మీద పదిహేను డిగ్రీల ఎత్తున ఆగింది. మూడుసార్లు, వేరువేరు రోజుల్లో అడిగినా అక్కడే. అది రాసుకున్నాకే ల్యాప్‌టాప్‌లో ఏ వేళకు ఏ చుక్క ఎక్కడుందో చూపించే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ తెరిచి ఆ తేదీ, ఆ వేళ పెట్టాను. ముందు తెరిచి ఉంటే నేనే ఆయన చేతిని తెర వైపు తిప్పేవాణ్ణి. ఆయన చూపిన చోట మృగవ్యాధుడు, అంటే సిరియస్ ఉంది. రాత్రి ఆకాశంలో అన్ని నక్షత్రాల కంటే ప్రకాశమైనది. దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు దాని వెలుగు దట్టమైన గాలిలోంచి రావాలి కాబట్టి క్షణానికో రంగు మారుస్తుంది. చీకట్లో రెప్ప వాల్చకుండా చూస్తే ఊగుతుంది కూడా, షెరీఫ్ గదిలో వెలుగులాగే.

దీపాల వరుస తూర్పు వైపు మాయమైంది. అదెక్కడికి పోయిందా అని ఆయన సముద్రం మీదికి చూశాడు. అక్కడొక వెలుగు నిలబడి ఉంది. రెండు నిజాలు మనసులో ఒకటై కూర్చున్నాయి. ‘నీళ్ళలోకి దిగింది’ అన్న భాగాన్ని గుచ్చి అడిగితే, మబ్బు కమ్మిందో, తను కిందికి దిగి వచ్చేశాడో తేల్చుకోలేకపోయాడు.

కిటికీల ఓడకి పాత జంట ఒకటుంది. 1968 మార్చి 3 రాత్రి, రష్యా అంతరిక్ష నౌక జోండ్ 4 ప్రయోగానికి వాడిన రాకెట్ శకలాలు అమెరికా మీద వాతావరణంలో కాలిపోతూ వరసగా దూసుకెళ్ళాయి. చాలామంది విడి చుక్కలనే రాశారు. కొందరు మాత్రం వరస కిటికీలున్న చుట్ట ఆకారపు వాహనం, బాగా కింద నుంచి వెళ్ళిందన్నారు. ఎడ్వర్డ్ కాండన్ నాయకత్వంలో కొలరాడో విశ్వవిద్యాలయం ఎగిరే పళ్ళాల మీద తయారుచేసిన నివేదికలో ఈ సంగతి ఉంది. వరసగా కదిలే చుక్కల మధ్య చీకటిని మనసు ఇనుముతో నింపేస్తుంది. టెన్నెస్సీలోనైనా ఉద్దానంలోనైనా.

మోత విన్న ఇద్దరి మాట తేలలేదు. దగ్గర్లో రొయ్యల చెరువుల జనరేటర్లున్నాయి, ఆ వేళ నడిచాయో లేదో ఎవరూ రాసిపెట్టుకోలేదు. నివేదికలో ‘తెలియదు’ అనే రాశాను. జనరేటర్ అని రాసేస్తే కేసు అందంగా కుదిరేది.

తర్వాత

ఇప్పుడు నా ఫారంలో సాక్షి హోదాకి గడి లేదు. ఎలా మొదలైంది, ఎలా అయిపోయింది అన్నవాటికే ఎక్కువ చోటు. వస్తువు ఎలా ఉందన్నది చివరి పేజీలో ఉంటుంది. మధ్యభాగాన్ని ఆశ్చర్యం మింగేస్తుంది గానీ, మొదలూ చివరా మనిషి ఏదో పనిలో ఉండి చూస్తాడు కాబట్టి అవి కాస్త శుభ్రంగా మిగులుతాయని నా అనుభవం. గుంపులో ఇంటర్వ్యూ మానేశాను. ‘ఏమీ లేదు, దీపాలే’ అన్నవాణ్ణి వెతుక్కుంటూ వెళ్తున్నాను.

నివేదిక చదివి డైరెక్టర్ “అయితే ఇంక చూపించడానికేముంది?” అన్నాడు. తాత వలతో మొదలుపెట్టి, బాబాయి చెయ్యి దగ్గర మృగవ్యాధుడితో ముగించొచ్చని రాసిచ్చాను. ఎపిసోడ్‌లో బాబాయి ఓడ, డ్రోన్ షాట్లు, హోరెత్తే సంగీతం వచ్చాయి. తాత ఇరవై సెకన్లు కనిపిస్తాడు. ఆరిపోవడం గురించిన మాట కత్తిరించారు. నా పేరు తీసేయమన్నాను, తీసేశారు.

పూర్తి రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళి ఊళ్ళో ఎవరివి వాళ్ళకిచ్చాను. టీచరమ్మ తీసుకుంది గానీ, కూర్చోమని అనలేదు. మరుసటి జనవరిలో బాబాయి ఫోన్ చేశాడు. మేడ మీదున్నాడట.

“మీ చుక్క వచ్చిందయ్యా. అదే జాగా. ఎరుపు, పచ్చా కొడుతోంది. సరే, అది చుక్కే, ఒప్పుకున్నాను. కిటికీలు మాత్రం నేను చూశాను.”

తేదీ వేసి అది కూడా ఫైల్లో రాసి పెట్టాను.